పొట్టి తుపాకీకి పన్నెండు సంచులు

తెంబురోంగ్ అడవి శిబిరం, బ్రూనై
9 ఫిబ్రవరి 1998

మామయ్యకి,

క్షేమంగా చేరాను. క్షేమమంటే ఒంటినిండా జలగ కాట్లు, బూట్లలో బూజు, ఎప్పుడూ ఆరని పక్క. ఇక్కడ ఫోను లేదు. ప్రతి గురువారం బియ్యం తెచ్చే హెలికాప్టర్‌లోనే ఉత్తరాలు వస్తాయి, పోతాయి. కాబట్టి మీ మేనకోడలి గోల మీకు వారానికి ఒక్కసారే, సంతోషించండి.

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం కాఫీ కొట్టులో చదవకండి. చదివి చింపేయండి. ముప్పై ఒక్క ఏళ్ళు సైన్యం తుపాకులు బాగుచేసిన మనిషనీ, నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పిన మనిషనీ మిమ్మల్ని అడుగుతున్నాను, అంతే.

పరీక్షకి కొత్త తుపాకులు ఆరు ఇచ్చారు. మన పాత అమెరికా రైఫిల్ పక్కన పెడితే దాదాపు జానెడు పొట్టి. బ్యారెల్ మాత్రం దానంతే ఉంది. మ్యాగజైనూ, తూటా పేలే భాగమూ ట్రిగ్గర్‌కి వెనక్కి, భుజానికి ఆనించుకునే చోటికి జరిపేశారు. అంటే తూటా మన చెంప కిందే పేలుతుంది. ఖాళీ గుల్ల చెవి పక్కనుంచి కుడివైపుకి దూకుతుంది. పది వారాలు వీటిని వానలో, బురదలో పేల్చడం, ఇరుక్కున్న ప్రతిసారీ పుస్తకంలో రాయడం నా పని. చివర్లో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడి చేతికి దీన్ని నమ్మి ఇవ్వొచ్చా, పెట్టే ఖర్చుకి ఇది తగుతుందా అన్నదే ఆ కాగితం అడిగే ప్రశ్న.

ఇప్పటికి మూడువేల తూటాలు పేల్చాం. పంతొమ్మిదిసార్లు ఇరుక్కుంది. ప్రతిసారీ ఒకే తీరు. ఖాళీ గుల్ల సగం బయటికి వచ్చి, అది దూకాల్సిన కిటికీ దగ్గరే అడ్డం తిరిగి చిక్కుకుంటోంది. ఆరు తుపాకులూ అంతే. మీకేం తోస్తోంది?

పేలిన గుల్లలు కింద పడకుండా పట్టడానికి అత్తయ్య కుట్టి పంపిన సంచులు పన్నెండూ అందాయి. ఈసారి సంచులు భలే అందంగా ఉన్నాయని చెప్పండి. పాతవాటిలా అంచు పీచులు బయటికి వేలాడటం లేదు. సార్జెంట్ జుల్కిఫ్లీ చూసి, "ఇందులో గుల్లలేంటి మేడమ్, పెళ్ళి కానుకలు పెట్టుకోవచ్చు" అన్నాడు.

మీ
లీ ఖెంగ్


తోవా పాయో, సింగపూర్
16 ఫిబ్రవరి 1998

అమ్మాయ్ లీ ఖెంగ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, చెప్పినట్టే చింపేశాను. రెండోసారి చదివినప్పుడు నవ్వు ఆగలేదు. మ్యాగజైన్ చంకలో పెట్టుకునే తుపాకి! తుపాకి చేయమంటే థర్మామీటర్ చేశారు. పైగా ఒళ్ళంతా ప్లాస్టిక్. మూడువేలకి పంతొమ్మిదా? నా చేతి కింద పాత రైఫిల్ అలా మొరాయిస్తే దాన్ని విప్పి పరుపు కింద పెట్టుకుని పడుకునేవాణ్ణి, సిగ్గుతో.

సరే, పనికొచ్చే మాట చెప్తాను. మ్యాగజైన్ మూతి దగ్గర తూటాని పట్టి ఉంచే పెదాలు చూడు, వంగి ఉంటాయి. గుల్లని పట్టి లాగే కొక్కెం చూడు, దాని స్ప్రింగు మెత్తబడిందేమో. నూనె ఎక్కువ పుయ్యనివ్వకు. అడవిలో కుర్రాళ్ళు నూనెని వేపుడికి పోసినట్టు పోస్తారు. ఇవేవీ కాకపోతే తప్పు పుట్టుకలోనే ఉన్నట్టు.

మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. పన్నెండో అంతస్తు వరకు లిఫ్టు ఉంది కాబట్టి బతికిపోయాను. కాఫీ కొట్టుకి వెళ్ళడమూ, రావడమూ, అదే నా డ్యూటీ. అలసట దేనికో తెలియదు. పని చేసినప్పుడు కూడా ఇంత అలసిపోలేదు.

సంచుల మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నాను. 1972లో ఒక్క గుల్ల లెక్కలో తగ్గింది. ఒక్కటి! రెండు కంపెనీల సిపాయిలు ఒకటిన్నర రోజు ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పరకా పరకా విడదీసి వెతికారు. చివరికి అది ఒకడి బూటులో దొరికింది. పేల్చడం అయ్యాక ప్రతివాడూ చేతులు చాపి, "నా దగ్గర తూటాలు లేవు, గుల్లలు లేవు సార్" అని అరిచి పోయే దేశం మనది. ఆ వారమే మీ అత్తయ్య నా పాత ప్యాంటు చించి, తుపాకి కిటికీకి తగిలించే సంచి కుట్టింది. అప్పుడు మాకు పెళ్ళయి మూడు నెలలు. ఆ సంచి ఎంత వికారంగా ఉండేదో! అంచులన్నీ బయటికే. కొంచెం చూడ్డానికి బాగుండేలా కుట్టవే అని ఇరవై ఆరేళ్ళు మొత్తుకున్నాను. వినలేదు.

ఈ పన్నెండూ ఒక్క వారంలో కుట్టేసింది. బాగానే ఉంది. నిన్ను అడిగినట్టు చెప్పమంది.

మామయ్య
బెంగ్ హాక్


తెంబురోంగ్
27 ఫిబ్రవరి 1998

మామయ్యకి,

మీరు చెప్పినవన్నీ చూశాను. మ్యాగజైన్లు మార్చాం. కొక్కేలు కొత్తవి వేశాం. నూనె సీసా నా దగ్గరే పెట్టుకున్నాను. ఏడువేల తూటాలకి నలభై ఆరు. పుస్తకంలో ఒకే వాక్యం నలభై ఆరుసార్లు రాశాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా రాయగలను.

కానీ మామయ్యా, మీకు కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. దీన్ని ద్వేషించడం నా వల్ల కావడం లేదు.

తప్పులు ముందు చెప్తాను. ట్రిగ్గర్ నుంచి వెనక్కి పొడుగాటి కడ్డీ ఉంది కాబట్టి నొక్కితే బురదలో కాలు పెట్టినట్టు మెత్తగా దిగబడుతుంది. మ్యాగజైన్ మార్చాలంటే చంక కింద తడుముకోవాలి. ఎడమచేతి వాటం వాళ్ళు అటు భుజానికి పెట్టుకుంటే గుల్ల దవడ మీదే కొడుతుంది. అందుకని వాళ్ళు కూడా కుడిభుజంతోనే నేర్చుకోవాలి. ఇవి చిన్న లోపాలు కావు.

ఇక దీని మంచి వినండి. మొన్న మూడు రోజులు నడిపించారు. తీగల మధ్య పాత రైఫిల్ మోసినవాళ్ళు అడుగడుక్కీ చిక్కుకున్నారు. కొత్తది మోసినవాళ్ళు దూరిపోయారు. మూడోరోజు సాయంత్రం, మనిషన్నవాడికి నిలబడే ఓపిక లేనప్పుడు, గురిపెట్టమన్నారు. పాత రైఫిళ్ళ మూతులన్నీ నేలకి వాలిపోయాయి. దీని బరువు భుజం దగ్గరే ఉంది కాబట్టి మూతి లేచే ఉంది. అలసిపోయినవాడి కోసమే దీన్ని చేశారేమో అనిపించింది. తాజాగా ఉన్నవాడికి ఏ తుపాకైనా ఒకటే కదా.

ఇరుక్కోకుండా ఉంటే చాలు, నేను సంతకం పెడతాను. ఇరుక్కుంటుంటే మాత్రం ఎంత ముద్దొచ్చినా పెట్టను.

ఇంకో చిన్న మాట. సంచుల మీద కుట్టు అక్కడక్కడా వంకర పోయింది. అత్తయ్య కుట్టు గీత గీసినట్టు ఉండేది కదా. కళ్ళు ఒకసారి డాక్టర్‌కి చూపించారా? నా ఫోటో ఒకటి పంపుతున్నాను, జుల్కిఫ్లీ తీశాడు. అత్తయ్యకి ఇవ్వండి.

లీ ఖెంగ్


తోవా పాయో
7 మార్చి 1998

లీ ఖెంగ్,

మీ అత్తయ్య కళ్ళకేం కాలేదు. కుట్టు వంకరైతే మిషను పాతది, బెల్టు జారుతోంది. ఆడమనిషి ఇరవై ఆరేళ్ళు సైన్యానికి సంచులు కుట్టి ఇస్తే ఇప్పుడు నువ్వు టార్చిలైటు పెట్టి కుట్లు లెక్కపెడుతున్నావా? ఫోటో ఇచ్చాను. "అయ్యో, ఎంత చిక్కిపోయింది, జుట్టెందుకు అంత పొట్టిగా కత్తిరించుకుంది" అంది. చాలాసేపు పట్టుకుని కూర్చుంది. చాలా?

నలభై ఆరు అని చదివాక నాకు నిద్ర పట్టలేదు. రేపు ఎవరి పిల్లాడో దాన్ని పట్టుకుని గుంటలో పడుకుని ఉంటాడు. అది ఇరుక్కుంటుంది. ఆ కాగితం మీద నీ సంతకం ఉంటుంది. మూతి లేచి ఉందిట! పేలనిదాని మూతి లేస్తే ఎంత, వాలితే ఎంత?

నువ్వు మెత్తబడుతున్నావని నాకు అర్థమైంది. అందుకని ఒక పని చేశాను. మీ పరీక్షల పెద్ద, మేజర్ క్వెక్, ఒకప్పుడు నా వర్క్‌షాపులో బోల్టులు తుడిచినవాడే. అతనికి ఉత్తరం రాశాను. ఏడువేలకి నలభై ఆరుసార్లు ఇరుక్కున్న తుపాకిని కొంటే మన వీపు మీద మనమే పేల్చుకున్నట్టని రాశాను. నీ పేరు ఎక్కడా రాయలేదులే.

ఇది నీ మంచికే. ఎండుచేపల సంబల్ పచ్చడి సీసా పంపుతున్నాను. మూత గట్టిగా బిగించాను, ఎవరైనా బలమైనవాణ్ణి పిలిచి తీయించుకో.

మామయ్య


తెంబురోంగ్
19 మార్చి 1998

మామయ్యకి,

ఆ నలభై ఆరు అనే అంకె ఈ భూమ్మీద ఒక్క పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకం నా దిండు కింద ఉంటుంది. నా పేరు రాయలేదుట!

గురువారం మేజర్ క్వెక్ హెలికాప్టర్ దిగి, మీ ఉత్తరం నా ముందు పెట్టాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మీ మామయ్య దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆయన చేతిరాత నాకు తెలుసు. నువ్వు ఇలా చేస్తావనుకోలేదు" అన్నాడు. పరీక్ష అయ్యేవరకు ఉండనిస్తాడు. తర్వాత విచారణ. నన్ను ఈ పనిలో ఉంచుతారో లేదో తెలియదు. మీ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు నాకు. వచ్చాక తెచ్చుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి వినండి.

మంగళవారం వాన కురిసి సంచులన్నీ బురదయ్యాయి. ఉతికి పొయ్యి పక్కన ఆరేశాం. ఆ రోజు పేల్చాల్సిన తూటాలు పన్నెండువందలు మిగిలాయి. జుల్కిఫ్లీ విసిగిపోయి, "సంచులు ఆరేదాకా కూర్చుంటే మనకి ఇక్కడే పెళ్ళిళ్ళు, పిల్లలూ అవుతాయి మేడమ్. దోమతెరలు పరిచి పేల్చేద్దాం, గుల్లలు వాటిలో పడతాయి" అన్నాడు. సరేనన్నాను. పన్నెండువందల తూటాలు. ఒక్కసారి ఇరుక్కుంది. అదీ ఒక మ్యాగజైన్ సొట్ట పడినందుకు.

మళ్ళీ సంచులు తగిలించాం. మొదటి మూడువందలకే రెండుసార్లు ఇరుక్కుంది.

అప్పుడు సంచిలో చెయ్యి పెట్టి చూశాను. గుడ్డ అంచు మడత లోపలికి ఉంది, వదులుగా, నాలుకలాగా. పాత రైఫిల్‌కి సంచి దూరంగా వేలాడేది. దీనికి చెంపకీ, జబ్బకీ మధ్య నలిగిపోతుంది. నలిగితే ఆ మడత కిటికీకి అడ్డం పడుతుంది. దూకిన గుల్ల దానికి తగిలి వెనక్కి వచ్చి చిక్కుకుంటోంది. తుపాకి తప్పు లేదు మామయ్యా. ఐదు వారాలుగా మేం సంచిని పరీక్షించాం. సంచి లేకుండా పేల్చి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. మనకి సంచి కూడా తుపాకిలో భాగమే కదా, చిన్నప్పటినుంచీ అలా అలవాటు.

సంచులతో ఇరుక్కున్నవి ఇప్పటికి మొత్తం అరవై ఆరు, ఆ దెబ్బలన్నీ ఈ తుపాకి నెత్తిన ఉన్నాయి. నిజం రాస్తే అవి సంచి మీదికి పోతాయి. ఆర్డరు కాగితంలో సంచులు కుట్టినవారి పేరు దగ్గర అత్తయ్య పేరే, శ్రీమతి పోహ్ చూ అని ఉంది. అత్తయ్యకి చూపు తగ్గిందని నాకు తెలిసిపోయింది, మీరు ఎంత కప్పిపుచ్చినా. నిజం రాయకపోతే మంచి తుపాకి చెత్తలోకి పోతుంది. రాస్తే ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ తెచ్చుకున్న పేరు పోతుంది. ఏం చెయ్యను? ఏప్రిల్ 20కి సంతకం పెట్టాలి.

ఆవిడకి ఈ ఉత్తరం చూపించకండి.

లీ ఖెంగ్


తోవా పాయో
25 మార్చి 1998

లీ ఖెంగ్,

మేజర్ క్వెక్ ముఖం చిట్లించగానే తుపాకి మంచిదైపోయిందా? ఉద్యోగం పోతుందనగానే ముసలిదాని కుట్టు గుర్తుకొచ్చిందా?

నిన్ను నేను పెంచాను. మీ అమ్మ షిఫ్టుకి వెళ్తే మా ఇంట్లో గంజి తాగి పెరిగావు. ఆ గంజి వండిన చేతుల మీద నువ్వు కాగితం రాస్తావా? సంచులు పాత రైఫిల్‌కి ఇరవై ఆరేళ్ళు సరిపోయాయి. కొత్తదానికి సరిపోకపోతే అది కొత్తదాని తప్పు. గుడ్డ సంచికే ఓడిపోయే తుపాకి యుద్ధానికేం పోతుంది?

క్వెక్‌కి రాసిన సంగతిలో నాది తొందరపాటే. దానికి నన్ను తిట్టు, పడతాను. అత్తయ్య జోలికి మాత్రం రాకు.

రాయాల్సింది ఇంకేం లేదు.

బెంగ్ హాక్


తెంబురోంగ్
2 ఏప్రిల్ 1998

మామయ్యకి,

సంచి ఒకటి పంపుతున్నాను. అరవకుండా, తిట్టకుండా, చెయ్యి లోపల పెట్టి చూడండి. మీ వేళ్ళకి తెలుస్తుంది. మీరు ఒప్పుకోకపోయినా మీ వేళ్ళు అబద్ధం చెప్పవు.

ఆవిడ గంజి గుర్తు లేకపోతే నేను పదిరోజుల నుంచి నిద్ర లేకుండా ఎందుకు ఉంటాను? చాలా అలసిపోయాను. ఇంటికి రావాలని ఉంది. ఏ ఇంటికి రానిస్తారో మీరే చెప్పాలి.

లీ ఖెంగ్


తోవా పాయో
9 ఏప్రిల్ 1998

అమ్మాయ్,

పార్సెల్ వచ్చేసరికి నేను నూడుల్స్ కొనడానికి కిందికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మీ అత్తయ్య దాన్ని విప్పేసి, సంచిలో మణికట్టు దాకా చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఇదెవరు కుట్టారు?" అంది.

"నువ్వే కదా, మొన్న పంపినవాటిలోదే" అన్నాను.

"నేనా? నేను మడత బయటికి కదా పెడతాను! లోపల ఏం తగిలినా గుల్ల చిక్కుకుంటుందని మొదటి రోజే చెప్పా నీకు. ఇదేదో దిండు గలీబులాగా ఉంది."

నేను నూడుల్స్ పొట్లం పట్టుకుని నిలబడ్డాను.

"మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడు మిషను నాలుగడుగులు పరిగెత్తి ఆగేది, మళ్ళీ పరిగెత్తేది. మధ్యలో ఒక బూతుమాట వినపడేది. నా కాలు అలా తొక్కుతుందా? నేను బూతులు మాట్లాడతానా?" అంది.

"తెలిస్తే అప్పుడే అడగొచ్చుగా!"

"నువ్వే చెప్తావేమోనని చూశాను. రెండు నెలలైంది."

అవునమ్మాయ్. పన్నెండూ నేనే కుట్టాను. ఆర్డరు వచ్చినప్పుడు ఆవిడ సంతోషం చూడాల్సింది. నా సంచి కొత్త తుపాకీకి కూడా కావాలిట అని పక్కింటివాళ్ళందరికీ చెప్పుకుంది. తీరా గుడ్డ ముందు పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కలేదు. రెండు రోజులు ప్రయత్నించి, రేపు కుడతాలే అని మిషను మూసేసింది. ఆ రేపు రాలేదు. గడువు దగ్గర పడింది. ఆర్డరు తిప్పి పంపితే ఆవిడ మనసు విరిగిపోతుందని భయం వేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు తుపాకులు విప్పి బిగించినవాడికి గుడ్డ సంచి ఒక లెక్కా అనుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా వికారంగా ఉందని దెప్పాను కదా, ఈసారి అందంగా ఉండాలని మడతలన్నీ లోపలికి పెట్టాను. పెళ్ళి కానుకల సంచిలా ఉందని మీ సార్జెంట్ అన్నాడని చదివి పొంగిపోయాను కూడా.

నువ్వు మడత సంగతి రాసినప్పుడే నాకు అర్థమైంది. అర్థమయ్యే ఆ కోపం ఉత్తరం రాశాను. ఆవిడని అడ్డం పెట్టుకుని నన్ను నేను దాచుకున్నాను. అరవై రెండేళ్ళ వయసులో ఇలాంటి పని చేశాను. సిగ్గుగా ఉంది.

ఈ ఉత్తరంతో పాటు మీ పరీక్షల బోర్డుకి ఇంకో కాగితం పెట్టాను. సంచులు కుట్టింది చువా బెంగ్ హాక్ అనీ, శ్రీమతి పోహ్ చూ కాదనీ, అంకెలు నా మేనకోడలి సొంత ఉత్తరంలోవనీ, ఎవరికీ చెప్పొద్దన్నా నేనే బయటపెట్టాననీ, క్వెక్‌కి రాసినదంతా వెనక్కి తీసుకుంటున్నాననీ రాసి సంతకం పెట్టాను. వర్క్‌షాపు రోజుల్లో వాడిన పూర్తి సంతకమే పెట్టాను.

రెండు కొత్త సంచులు కూడా పంపుతున్నాను. ఇవి ఆవిడవే. సూదిలో దారం మాత్రం నేను ఎక్కించాను. నువ్వు పంపిన సంచి మూతిని జానతో కొలుచుకుని, "ఇది చెంప దగ్గర నలుగుతుంది కదా, మూతికి తీగ పెట్టాలి, అప్పుడు తెరుచుకునే ఉంటుంది" అంది. నా బట్టల హ్యాంగరు విరిచి తీగ తీసుకుంది. అంచులు బయటికే ఉన్నాయి. వికారంగా ఉన్నాయి. తగిలించి చూడు.

మామయ్య


తెంబురోంగ్
17 ఏప్రిల్ 1998

మామయ్యకి,

రెండు సంచులతో పద్దెనిమిదివందల తూటాలు పేల్చాం. వాన కూడా కురిసింది. ఒక్కసారీ ఇరుక్కోలేదు. పద్దెనిమిదివందల గుల్లలూ సంచుల్లోనే ఉన్నాయి. జుల్కిఫ్లీ ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఆ సంచిని రెండు చేతులతో పట్టుకుని, "దీన్ని కుట్టినావిడకి వయసెంత మేడమ్?" అని అడిగాడు. యాభై ఏడని చెప్పాను. "తుపాకుల ఫ్యాక్టరీవాళ్ళకి పాఠం చెప్పమనండి" అన్నాడు.

మీ కాగితం మేజర్ క్వెక్‌కి ఇచ్చాను. చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి ఏంటో తెలుసా? ఇరుక్కున్నది ఎక్కడో తెలుసుకోకుండా సుత్తి తీయొద్దని. పాపం, తనే తీశాడు" అన్నాడు. విచారణ ఉంటుంది, తప్పదు. మందలింపుతో పోవచ్చని అన్నాడు. మీ ఉత్తరంలో దాపరికం లేదు కాబట్టే అన్నాడు.

తుపాకి సంగతి ఇలా రాశాను. ట్రిగ్గర్ మెత్తన, ఎడమచేతివాళ్ళకి ఇబ్బంది, మ్యాగజైన్ మార్చడం నేర్పాలి. నమ్మొచ్చు. అలసిపోయినవాడి చేతిలో పాతదానికంటే ఇదే మేలు, ఆ మేలుకి ఖర్చు తగుతుంది. సంచుల దగ్గర మొదటి పన్నెండింటికీ మీ పేరు, తర్వాత రెండింటికీ ఆవిడ పేరు రాశాను.

సోమవారం సంతకం పెట్టాలి. సంతకం పెట్టేముందు ప్రతిదీ ఇంకోసారి విప్పి చూసుకోమని మీరే నేర్పారు. అందుకే అడుగుతున్నాను. సూదిలో దారం ఎక్కకపోవడం ఒకటి, ఫోటో చూసి జుట్టు పొట్టిగా ఉందని అనడం ఒకటి. రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయి? మామయ్యా, ఇంకేమైనా దాచారా?

లీ ఖెంగ్


తోవా పాయో
24 ఏప్రిల్ 1998

అమ్మాయ్ లీ ఖెంగ్,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నువ్వు సంతకం పెట్టేసి ఉంటావు. మంచిది. ఆ తుపాకి నాకు ఇప్పటికీ నచ్చలేదు. కానీ అది నిర్దోషి. దాని మీద నేను వేసిన అరవై ఆరు నిందలు తుడిచేశావు, నాకు హాయిగా ఉంది.

నువ్వు అడిగినదానికి జవాబు. జుట్టు మాట నాది. ఫోటోలో నిన్ను చూసి నాకే అలా అనిపించింది. ఆవిడ ఆ ఫోటోని తలకిందులుగా పట్టుకుని, "నవ్వుతోందా?" అని అడిగింది. నవ్వుతోందని చెప్పాను. ఫోటోని తిప్పి పెట్టలేదు. చూపు తగ్గలేదమ్మాయ్, పోయింది. కుడి కన్ను పోయిన ఏడాదే పోయింది. ఎడమదానిలో కిటికీ ఎటుందో తెలిసేంత వెలుగు మాత్రం మిగిలింది. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే నువ్వు కంగారు పడతావనీ, ఉద్యోగం మానుకుని వచ్చేస్తావనీ అంది, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. నీ ఉత్తరాలు నేనే చదివి వినిపించాను. నచ్చని చోట్ల దాటేశాను. దాటేసిన చోటల్లా ఆవిడ చెంప మీద చెయ్యి పెట్టుకునేది. ఎక్కడ దాటేశానో ఆవిడకి తెలుసని ఇప్పుడు తెలిసింది.

నిన్న సాయంత్రం నీ ఆఖరి ఉత్తరం మొదటి మాట నుంచి చివరి మాట దాకా, నా మీద రాసినవి కూడా, ఒక్క అక్షరం వదలకుండా చదివాను. పద్దెనిమిదివందల దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది. తర్వాత, "ఇక ఒట్టు లేదు. అది వచ్చాక డాక్టర్ దగ్గరికి నన్ను అదే తీసుకెళ్ళాలి, నువ్వొద్దు, దారిలో అబద్ధాలు చెప్తావు" అంది.

నువ్వు ఏ ఇంటికి రావాలని అడిగావు. గంజి పెట్టే ఇంటికే రా.

ఎప్పుడో మానేసిన అలవాటు ఒకటి ఉంది. పేల్చడం అయ్యాక కాల్పుల రేంజి దాటేముందు రెండు చేతులూ చాపి నిలబడేవాళ్ళం. ఇప్పుడు వంటింట్లో, మీ అత్తయ్య ఎదురుగా, అలాగే నిలబడి ఇది రాయిస్తున్నాను. రాస్తున్నది పక్కింటి అమ్మాయి. ఎందుకంటే నా రెండు చేతులూ ఖాళీగా చాపి ఉంచమని ఆవిడ ఆర్డరు. ఒక్కొక్క వేలూ తడిమి చూస్తోంది.

నా దగ్గర తూటాలు లేవు, గుల్లలు లేవు మేడమ్.

మామయ్య